చేతితో పెన్సిల్వేనియా పొడుగు తుపాకి చేయాలని ఉంది: చట్టం, కర్ర, ఇత్తడి పని గురించి సలహా కావాలి

పర్లాకిమిడి_పంతులు రాశారు:

అందరికీ నమస్కారం. నేను గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉంటూ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. సాయంత్రాలూ సెలవులూ కర్ర పనితో గడుస్తాయి. ఇంతవరకు చేసినవి నగల పెట్టెలు, పీటలు, కొమ్ము ముక్కలు పొదిగిన పళ్లేలు. ఇప్పుడు నా మనసు అమెరికాలో పద్దెనిమిదో శతాబ్దంలో పెన్సిల్వేనియా పనివాళ్లు చేసిన పొడుగు రైఫిల్ మీదికి పోయింది. గొట్టం మూతి నుంచి మందునూ గుండునూ కూరి, చెకుముకి రాయి నిప్పురవ్వతో పేల్చే తుపాకి అది. దాని బొమ్మలు చూసినకొద్దీ నన్ను పట్టి లాగుతున్నది పేలుడు కాదు. భుజానికి ఆనించే మడమ దగ్గర మొదలై గొట్టం మూతి దాకా ఒకే గీతగా సాగే ఆ కర్ర, దానిమీద లోతు తక్కువగా చెక్కిన లతలు, మడమ పక్కన మూతతో ఉండే ఇత్తడి పెట్టె, ఇవన్నీ ఒక్క మనిషి చేతిలో తయారయ్యాయన్న సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నా సందేహాలు ఇవి. మన దేశంలో ఇటువంటి పనిని అభిరుచిగా చేయడానికి చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది? అమెరికాలో వాడిన చారల మేపుల్ కర్ర మనకు దొరకదు కనుక మన అడవుల కర్రలలో ఏది దానికి దగ్గరగా ఉంటుంది? అన్నింటికంటే ముఖ్యమైనది మూడోది. గొట్టానికి రంధ్రం వేయకుండా చూపుకు మాత్రమే చేస్తే అది తుపాకి పని అనిపించుకుంటుందా, లేక పిల్లల ఆటబొమ్మ అవుతుందా? అనుభవం గల పెద్దలు నిర్మొహమాటంగా చెప్పగలరు.

బరంపురం_వకీలు రాశారు:

పంతులుగారూ, తక్కినవారు కర్ర గురించి మాట్లాడే లోపల చట్టం సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే ఇందులో సందిగ్ధానికి చోటు చాలా తక్కువ.

1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం పేలుడు శక్తితోగానీ మరో శక్తితోగానీ ఏదైనా గుండును వదలడానికి ఉద్దేశించిన ఆయుధం ఏదైనా తుపాకి కిందికే వస్తుంది. అది ఎంత పాతకాలపు పద్ధతిదైనా, మూతి నుంచి మందు కూరేదైనా, ఇంట్లో సరదాగా చేసుకున్నదైనా నిర్వచనం మారదు. ఆ చట్టంలోని 5వ సెక్షన్ లైసెన్సు లేకుండా తుపాకులు తయారు చేయడాన్ని, అమ్మడాన్ని, మరమ్మతు చేయడాన్ని, పరీక్షించడాన్ని కూడా నిషేధిస్తుంది. 2019లో చేసిన సవరణ తరువాత ఈ నేరానికి కనీస శిక్ష ఏడేళ్ల జైలు, గరిష్ఠ శిక్ష యావజ్జీవం. పైగా ఆయుధాలన్న మాటలో వాటి విడి భాగాలు కూడా చేరి ఉన్నాయి. అందువల్ల గొట్టం ఒకచోట, పనిచేసే లాకు (చెకుముకి రాయిని కొట్టి నిప్పురవ్వ పుట్టించే భాగం) ఇంకొకచోట చేసి, రెండూ కలపలేదు కనుక నేరం లేదనే వాదన నిలబడదు.

ఇక్కడ చాలామంది రెండు ఉదాహరణలు చెప్పి తప్పుదారి పడతారు. మొదటిది కొడగు. అక్కడి కొడవ కులస్థులకు, జమ్మా అనే పాత హక్కు భూములున్నవారికి కొన్ని రకాల తుపాకులు ఉంచుకోవడానికి బ్రిటిష్ కాలం నుంచి మినహాయింపు ఉన్న మాట నిజమే. కేంద్ర ప్రభుత్వం దాన్ని 2029 దాకా పొడిగించింది కూడా. అయితే అది ఉంచుకోవడానికి, మోసుకు తిరగడానికి సంబంధించినది, మనకు వర్తించేది కాదు. రెండోది మన కొండ ఊళ్లలో కనిపించే ఎస్‌బీఎంఎల్ (మూతి నుంచి కూరే నునుపు గొట్టం తుపాకి) లైసెన్సులు. నిజమైన పంట కాపలా కోసం మూతి నుంచి కూరే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు 13వ సెక్షన్‌లో ఉన్నది. ఆ లైసెన్సు ఉన్న రైతు కూడా ఇంకొక తుపాకి తయారు చేయకూడదు.

మీకు మిగిలేది పేలే అవకాశమే లేని నమూనా. నమూనాను నిజం తుపాకిగా మార్చడం 6వ సెక్షన్ కింద వేరే నేరం కనుక, మార్చడానికే వీలులేని విధంగా మొదటి నుంచే చేయడం వివేకం. గొట్టం నిండుగా ఉండాలి, లాకు కదలకూడదు, నిప్పురవ్వ గొట్టంలోకి పోయే చిన్న రంధ్రం అసలే ఉండకూడదు. పని మొదలుపెట్టే ముందు గీసిన బొమ్మలతో సహా మీ పోలీసు స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. చట్టం అడగకపోయినా ఆ ముద్ర రేపు మీకు అక్కరకు వస్తుంది.

సిరొంచ_ప్రాణహిత రాశారు:

వకీలుగారు చట్టం చెప్పారు, నేను మా వైపు వాస్తవం చెబుతాను. మాది గడ్చిరోలి జిల్లా. మా దగ్గర మరాఠీవాళ్లు భర్మార్ అనే ఈ మూతి తుపాకులను ఊరివాళ్ల చేత అప్పగింపజేయడానికి పోలీసులు ఏళ్ల తరబడి ప్రయత్నిస్తున్నారు. దూరం నుంచి చూసే కానిస్టేబుల్‌కు మీ గొట్టంలో రంధ్రం ఉన్నదో లేదో తెలియదు. తెలుసుకునే తీరిక కూడా ఉండకపోవచ్చు. మల్కన్‌గిరి, కోరాపుట్, రాయగడ వైపు కూడా పరిస్థితి ఇంతకంటే భిన్నమని నేను అనుకోను. కనుక చేస్తే ఇంట్లోనే చేయండి. ఇంట్లో గోడకు తగిలించండి. మడమను ఒక ఊళ్లో, గొట్టాన్ని ఒక ఊళ్లో చేయించి బస్సులో మోసుకు రావద్దు. నన్నడిగితే ఈ అభిరుచే మన ప్రాంతానికి పనికిరాదు. మీ ఉత్సాహం చూసి మాత్రం వద్దనలేకపోతున్నాను.

రాయగడ_వడ్రంగం రాశారు:

కర్ర గురించి నాకు తెలిసింది చెబుతాను. పంతులుగారు అడిగినవాటిలో తీరిక తీసుకుని ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

చారల మేపుల్‌లో కనిపించేది అడ్డంగా సాగే అలలు. కాంతి పడే కోణం మారితే ఆ అలలు కదిలినట్టు ఉంటాయి. మన ఎండు అడవులలో దానికి చాలా దగ్గరగా వచ్చేది బిల్లుడు. లేత పసుపు రంగులో, పట్టులా మెరిసే ఈ కర్రలో కొన్ని చెట్లకు అచ్చం అటువంటి అలలే ఉంటాయి. అయితే రెండు ఇబ్బందులున్నాయి. ఇది మేపుల్ కంటే బరువు, చాలా గట్టి. ఉలి మాటిమాటికీ నూరుకోవాలి. దాని పొడి కొందరి చర్మానికి పడదు, దద్దుర్లు వస్తాయి. ముక్కుకు గుడ్డ, చేతులకు పొడుగు చొక్కా లేకుండా ఆకురాయి పెట్టవద్దు. టేకు అందరికీ మొదట గుర్తుకొస్తుంది కానీ దాని పొర (నార సాగే తీరు) ముతక, సన్నని లత చెక్కితే అంచు పెళుసుగా రాలుతుంది. ఇరుగుడు రంగు అద్భుతంగా ఉంటుంది గాని అది లేత రంగు తుపాకికి తగదు. దాని పని ఇంకొకటి ఉంది, తరువాత చెబుతాను. కాశ్మీరు అక్రోటు తెప్పించగలిగితే ఐరోపా తుపాకులకు అది సరైన కర్ర, కానీ మీరు చేస్తున్నది పెన్సిల్వేనియాది.

బిల్లుడు మీద చేయి పెట్టేముందు పనస మీద ఒక మడమ పూర్తిగా చెక్కండి. బొబ్బిలి వీణలకు ఒకే దుంగను తొలిచి వాడే కర్ర అదే. చెక్కడానికి మెత్తన, పొర మరీ మొండిది కాదు. చెడినా పెద్ద నష్టం లేదు. కర్ర ఏదైనా డిపోలో బిల్లుతో కొనండి. ఊళ్లో ఎవరో ఇచ్చారని అడవి దుంగ తెచ్చుకుంటే తుపాకి కేసు తప్పినా కలప కేసు తప్పదు.

పలక కొలత సుమారు ఐదు అడుగుల పొడవు, మడమ వైపు ఎనిమిది అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల మందం ఉండాలి. గాలికి ఆరబెట్టే కర్రకు అంగుళం మందానికి ఇంచుమించు ఏడాది లెక్క వేసుకుంటారు. అంటే ఈ పలకకు రెండేళ్లు దాటుతుంది. ఆరని కర్రలో గొట్టం పడక (గొట్టం కూర్చునే గాడి) తవ్వితే ఎండాకాలం వచ్చేసరికి అది వంగి, గొట్టం ఒక పక్కకు తేలుతుంది.

పలక ఎంచుకునేటప్పుడు చూడవలసింది అందం కాదు, మెడ. మడమకూ లాకుకూ నడుమ చేయి పట్టే ఆ సన్నని చోట కర్ర పొర మెడ వెంటే సాగాలి. పొర అడ్డంగా కోసుకుపోతే చేయి జారి కింద పడిన మొదటి రోజే అక్కడ విరుగుతుంది. పాత తుపాకులు ఎక్కువగా విరిగిందీ, ఇత్తడి రేకుతో కట్టు కట్టిందీ అక్కడే. నా లెక్కలో అలలు అందంగా ఉండి మెడ దగ్గర పొర చెడ్డ పలక కంటే అలలు లేని సాదా పలక మేలు.

ఇక గొట్టం పడక. దీనికి పాతకాలపు పద్ధతిని మించినది లేదు. ఆముదపు దీపం మసిని గొట్టానికి పలచగా రాసి పడకలో నొక్కి తీస్తే, కర్ర ఎక్కడ ఎత్తుగా ఉన్నదో అక్కడ నల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చను మాత్రమే గీకాలి. మళ్లీ మసి, మళ్లీ గీకుడు. గొట్టానికీ కర్రకూ నడుమ కాగితం దూరని స్థితి వచ్చేదాకా ఇదే పని. ఓపిక లేనివాళ్లు ఇక్కడే బయటపడతారు.

పూత విషయంలో అవిసె నూనె చాలు. చాలా పలచగా, అరచేతి వేడితో రుద్దుతూ, పూతకూ పూతకూ నడుమ పూర్తిగా ఆరనిస్తూ వేయాలి. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయవద్దు, ఆరే క్రమంలో వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. దండెం మీద విడివిడిగా ఆరవేయండి.

లాంకాస్టర్_తెలుగు రాశారు:

నేను పుట్టి పెరిగింది ఛత్రపురం, ఇప్పుడు ఉంటున్నది పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ దగ్గర. పంతులుగారు అడిగిన తుపాకి పుట్టిన చోట ఉన్నాను కనుక మూడో ప్రశ్నకు జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ముందుగా తేడా చెప్పాలి. ఇక్కడ 1968 నాటి ఫెడరల్ చట్టం, తూటా వాడకుండా పాతకాలపు మందుతో మాత్రమే పనిచేసే మూతి తుపాకులను పురాతన తుపాకులుగా లెక్కించి చాలా నిబంధనల నుంచి మినహాయించింది. రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉన్నా, ఇంటి వెనక షెడ్డులో ఇటువంటిది చేసుకోవడం ఇక్కడ మామూలు అభిరుచి. 1933లో మొదలైన జాతీయ మూతి తుపాకుల సంఘం ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే ఊళ్లో ఇప్పటికీ పోటీలు నడుపుతున్నది. కనుక ఇక్కడివాళ్లు వీడియోలో చేసి చూపించినదంతా అక్కడ చేయదగినదని అనుకోవద్దు.

ఇప్పుడు అసలు మాట. చాలామంది అనుకునేదేమిటంటే, ఆ కాలపు తుపాకి పనివాడు ఇనుప రేకును చుట్టి గొట్టం చేయడం దగ్గర్నుంచి లాకులో చిట్టచివరి స్క్రూ దాకా అన్నీ తానే చేసుకున్నాడని. అలా చేయగలిగినవాళ్లు ఉన్నారు. వర్జీనియాలో పాతకాలపు ఊరిని మ్యూజియంగా నిలిపిన కొలోనియల్ విలియమ్స్‌బర్గ్‌లో 1960లలో వాలస్ గస్లర్ ఆ విద్యను తిరిగి బతికించి, గొట్టాన్ని కొలిమిలో అతికి, దాని లోపల గుండు తిరిగేలా మెలి గాడులు కోసి, లాకు చేసి, ఒక రైఫిల్‌ను మొత్తం చేతితో పూర్తి చేసి చూపించారు. కానీ పద్దెనిమిదో శతాబ్దపు మామూలు దుకాణంలో లాకు చాలాసార్లు ఇంగ్లండు నుంచో జర్మనీ నుంచో ఓడలో వచ్చిన సరుకే. గొట్టాలు కూడా గొట్టాల మిల్లులలో కొన్నవి ఉండేవి. పనివాడు వాటిని తెచ్చుకుని తన కర్రలో అమర్చేవాడు.

అయినా ఈ రోజు ఒక సంతకం లేని పాత తుపాకిని చూపిస్తే, తెలిసినవాళ్లు పెన్సిల్వేనియాలోని ఊళ్ల పేర్లతో ఇది లాంకాస్టర్ పని, ఇది రెడింగ్ పని, ఇది బెత్లెహేమ్ వైపు పని అని గుర్తుపడతారు. దేన్ని చూసి? గొట్టం లోపల చూసి కాదు. మడమ కింది గీత నేరుగా సాగిందా, మధ్యలో కొంచెం వంగిందా. చెంప ఆన్చే దిమ్మ ఎంత ఎత్తు. ఇత్తడి పెట్టె మూత చివర పువ్వు ఎలా విచ్చుకుంది. మెడ వెనక లత ఎటు తిరిగింది, ఇవి చూసే. అంటే ఆ పనివాడి చేయి ఉన్నది కర్రలోనూ ఇత్తడిలోనూ. రంధ్రం లేని గొట్టం పెట్టినంతమాత్రాన మీరు కోల్పోయేది గురి చూసి కాల్చే సరదా ఒక్కటే. నేను కూడా ఇక్కడ ఒకటి చేశాను. లాకూ గొట్టమూ కొన్నవే, నా సమయమంతా తిన్నది కర్రే. అందుకే ఆటబొమ్మ అన్న మాట నాకు రుచించదు. మడమ గీత తప్పితే పేలే తుపాకి కూడా చూడ్డానికి దుడ్డుకర్రలాగే ఉంటుంది.

కాలం ఎంచుకోవడంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి. ఈ తుపాకి జర్మన్ వలసదారులు తెచ్చిన పొట్టి, లావు యేగర్ రైఫిల్ నుంచి పుట్టింది. 1760ల నాటిదైతే మడమ లావుగా, పెట్టె మూత కర్రదై వెనక్కి జారేదిగా ఉంటుంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగిసి 1780లు దాటాక మడమ పలచబడి, వంపు పెరిగి, కీలు మూత ఇత్తడి పెట్టె, వెండి బిళ్లలు మామూలయ్యాయి. బొమ్మలు చూసి ఒకదాని మడమ, ఇంకొకదాని పెట్టె కలిపితే నిపుణులకు ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. ఒకే తుపాకిని ఎంచుకుని దాన్నే వదలకుండా చూడండి. లాంకాస్టర్‌లోని లాండిస్ వ్యాలీ మ్యూజియంలో మంచి తుపాకులు ఉన్నాయి. ఈసారి వెళ్లినప్పుడు ఒకదానికి పక్క, పై, కింది కోణాల ఫొటోలు తీసి ఇక్కడ పెడతాను.

ఇంకొకటి. తుపాకితో పాటు మందు కొమ్ము (తుపాకి మందు పోసి ఉంచుకునే పశువు కొమ్ము) చేయకుండా వదలకండి. 1754 నుంచి 1763 దాకా ఫ్రెంచివాళ్లతో జరిగిన యుద్ధంలో సైనికులు తమ మందు కొమ్ములమీద నదులు, కోటలు, ఊళ్ల పటాలు సూదిమొనతో చెక్కుకున్నారు. కొన్ని కొమ్ములు తుపాకులకంటే ఎక్కువ ఆదరణతో మ్యూజియంలలో ఉన్నాయి. కొమ్ము పనికి పర్లాకిమిడిని మించిన ఊరు ఎక్కడుంది?

పర్లాకిమిడి_పంతులు రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. లాంకాస్టర్ గారి మాటతో నా మూడో సందేహం తీరింది. కాలం కూడా నిర్ణయించుకున్నాను: 1780ల తరువాతి లాంకాస్టర్ పని, కీలు మూత ఇత్తడి పెట్టెతో.

కొమ్ము సంగతి చెప్పినందుకు మరీ సంతోషం. మా ఊళ్లో కొమ్ముతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేసే పనివాళ్ల దగ్గరకు వెళ్లి అడిగాను. ఎద్దు కొమ్ము లేత రంగుది కనుక గీతలో నలుపు నింపవచ్చునని, గేదె కొమ్ము నల్లనిది కనుక గీత తెల్లగా తేలుతుందని వారు చెప్పారు. పటం కోసం వంశధార, మహేంద్రతనయ, మహేంద్రగిరి అనుకుంటున్నాను. జింక కొమ్ము వాడమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉన్నదని చెప్పి దండం పెట్టాను.

మడమ రేకు, ట్రిగ్గర్ కాపు, పెట్టె మూత శ్రీకాకుళం జిల్లా బుడితిలో పోత పోయిద్దామనుకుంటున్నాను. ఆ ఊరు ఇత్తడి, కంచు పనికి పేరు పొందినది; మాకు దూరం కాదు. కర్ర అచ్చులు నేనే చెక్కి ఇస్తాను. ఇత్తడి చల్లారాక నూటికి ఒకటిన్నర వంతు దాకా కుంచించుకుపోతుంది కనుక అచ్చును ఆ మేరకు పెద్దదిగా చేస్తాను.

గొట్టం గురించి మాత్రం లెక్క వేసి చూశాను. పొడవు 42 అంగుళాలు, ఎనిమిది పలకల గొట్టం, ఎదురెదురు పలకల నడుమ 24 మిల్లీమీటర్లు అనుకుంటే నిండు ఉక్కు కడ్డీ సుమారు 4 కిలోలు తూగుతుంది. అర అంగుళం రంధ్రం ఉన్న అసలు గొట్టం 3 కిలోల లోపే. అంటే నా నమూనా గోడ మేకుకు అదనంగా కిలో భారం. పైగా నిండు కడ్డీ అయినా ఉక్కు ఉక్కే, దానికి రేపు ఎవరైనా రంధ్రం వేయవచ్చునన్న అనుమానం పోలీసులకు కలగవచ్చు. వకీలుగారు, వడ్రంగంగారు ఏమంటారు?

బరంపురం_వకీలు రాశారు:

ఉక్కు వద్దు. కర్ర గొట్టం పెట్టండి. ఆ మాట పోలీసు కాగితంలో స్పష్టంగా రాయండి.

రాయగడ_వడ్రంగం రాశారు:

ఇరుగుడు పని తరువాత చెబుతానన్నది దీనికే. ఇప్పుడు మనం చూసే పాత పెన్సిల్వేనియా గొట్టాలు చాలావరకు తెల్లగా మెరవవు. చాలావాటికి గోధుమ రంగు ఉంటుంది. ముదురు ఊదా గోధుమ రంగు ఇరుగుడును నునుపు చేసి మైనం రుద్దితే, నాలుగడుగుల దూరం నుంచి చూసేవాడికి ఇనుమూ కర్రా తేడా తెలియదు. బరువు కిలో కూడా ఉండదు. మూతి దగ్గర రంధ్రంలా కనిపించడానికి అర అంగుళం లోతు గుంట చాలు. అంతకంటే లోతు వద్దు.

మీరు 24 మిల్లీమీటర్లు అన్నారు కనుక పని సులువైంది. ముందుగా నాలుగు పలకల కడ్డీని ఖచ్చితంగా 24కు చిత్రిక పట్టండి. ప్రతి పలకమీదా రెండు అంచుల నుంచి 7 మిల్లీమీటర్ల దగ్గర గీత గీస్తే నడుమ 10 మిగులుతుంది. ఆ గీతల దాకా మూలలు చిత్రిక పడితే ఎనిమిది పలకలూ ఇంచుమించు సమానంగా వస్తాయి. అసలు గొట్టం లాకు దగ్గర లావుగా మొదలై, మధ్యలో సన్నబడి, మూతి దగ్గర మళ్లీ కొంచెం విచ్చుకుంటుంది. మొదటి గొట్టానికి ఆ జోలికి పోకుండా నేరుగా చేయండి, ఎందుకంటే వంపు గొట్టానికి పడక తవ్వడం వేరే విద్య. పనస మడమ మెడ దాకా వచ్చాక ఫొటో పెట్టండి, పొర చూసి చెబుతాను.